లేనివాళ్లకు రిజిస్టరు టపా

ప్రభుత్వ దస్త్రాల ప్రకారం ఆ కొండ మీద మనుషులు లేని కాలం నాలుగు నెలల చిల్లర. ఆ నాలుగు నెలల చిల్లరలో అక్కడ ముప్పై ఎనిమిది మంది వండుకుని తిన్నారు, పొయ్యి పొగ ఎవరింటి మీదికి పోతోందని పోట్లాడుకున్నారు, ఒక పెళ్లి సంబంధం కుదుర్చుకుని మళ్లీ చెడగొట్టుకున్నారు, తప్పిపోయి దొరికిన మేక ఎవరిదన్న తగువును రెండు వారాలు సాగదీశారు. లేని మనుషులు ఇంత సందడి చేయడం దస్త్రాల చరిత్రలో అరుదు. ఈ గందరగోళానికంతటికీ ఒక ఆడమనిషి సంతకమే కారణమని చివరికి తేల్చారు. ఆమెను అందరూ టపా అక్క అనేవారు. ఇరవై ఆరేళ్లలో కాగితం మీద ఒక్క అబద్ధమూ పెట్టని మనిషి కావడం వల్లనే ఆ సంతకం అలా పడిందన్న సంగతి మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు.

అక్కడివాళ్లు తమ చోటును ‘పైన’ అంటారు. తొమ్మిది కిలోమీటర్ల దిగువనున్న చిన్న పట్నం ‘కింద’. పైన ఒకప్పుడు నల్లరాతి క్వారీ ఉండేది. నూట అరవై ఇళ్లు, ఒక బడి, సైరను. నగరాల్లో మెట్లకూ కాలిబాటలకూ రాయి అక్కడినుంచే దిగేది. టపా అక్క తండ్రి ఆ క్వారీలో టైమ్‌కీపరు. ఆయన సైరను మీట నొక్కితే తప్ప తెల్లవారేది కాదని క్వారీలో వేళాకోళం చేసేవారు. ఒక ఏడాది గుంట అడుగున నీటి ఊట పడింది. మూడు పంపులు పెట్టి తోడారు. నీళ్లు నాలుగో పంపు అడిగాయి. కంపెనీ ఆలోచించుకుని యంత్రాలను దించుకుపోయింది. యంత్రాల కోసం పదహారు లారీలు వచ్చాయి. మనుషుల కోసం ఒక్కటీ రాలేదు. ఎవరి దారిన వారు నడిచి దిగారు. ముప్పై మూడేళ్లలో ఇళ్లు పదకొండుకు వచ్చాయి. ఉండిపోయినవాళ్లు మేకలు పెంచుతారు, తేనెపెట్టెలు చూసుకుంటారు, చీపురు గడ్డి కోసి కట్టలు కడతారు. వాళ్లు మొండివాళ్లని కిందివాళ్ల అభిప్రాయం. తాము ఎక్కాల్సిన లారీ ఇంకా రాలేదని, అందుకే ఎదురుచూస్తున్నామని మేస్త్రీ అంటాడు. ఒకప్పుడు క్వారీలో రాళ్లు కొట్టించిన మేస్త్రీ ఆయన. ఎనభై దగ్గర పడినా, ఇప్పటికీ పైన ఎవరు ఏం చేయాలో ఆయనే చెబుతాడు. వాళ్లు తమకు తోచింది చేస్తారు.

క్వారీ పోయినా క్వారీ పనితీరు ఒకటి మిగిలింది. దాన్ని ‘వరస’ అంటారు. వానలకు దారి కొట్టుకుపోయినప్పుడు, లేదా కిందనుంచి ఏదైనా వాహనం రాబోతోందని కబురందినప్పుడు, ఇంటింటి నుంచీ జనం బయలుదేరి గుంట దగ్గరి రాళ్లగుట్ట నుంచి దారి దాకా వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి రాయి అందిస్తారు. నూట అరవై ఇళ్లున్నప్పుడు ఇంటికొకరు వస్తే సరిపోయేది. ఇప్పుడు పసిపిల్లలను చెట్టు కింద పడుకోబెట్టి తల్లులు కూడా నిలబడాలి. నిలబడలేని ముసలివాళ్లు కూర్చుని సందుల్లోకి చిన్న రాళ్లు ఏరుతారు. మనుషులు తగ్గినకొద్దీ వరసలో మనిషికీ మనిషికీ మధ్య దూరం పెరిగి, ఇప్పుడు ఒక్కొక్కరూ రాయి పట్టుకుని పదడుగులు నడిచి పక్కవాడికి అందించి వెనక్కి రావాలి. ‘పైన’ చరిత్రలో సగం ఆ నడకలోనే ఉంది. రాని ఇంటివాళ్లతో నెల రోజులు ఎవరూ మాట్లాడరు. ఉన్నదే పదకొండు ఇళ్లు కనుక ఆ శిక్ష భరించడం కష్టం. అందుకే వరస రోజున పైన ఏ ఇంట్లోనూ పురుగు కూడా మిగలదు.

టపా అక్క ఒక్కతికే ఆ పని నుంచి మినహాయింపు. ఆమె వారానికి మూడు రోజులు గట్టు మీది కాలిదారిన కిందికి దిగి, టపా కార్యాలయంలో సంచి నింపుకుని మళ్లీ ఎక్కేది. పెళ్లయిన కొత్తలో, పంచేవాడు మోకాళ్లు నొప్పంటూ మానేస్తే, చదువుకున్న కోడలు కదా అని అత్తే ఆమెను తోసింది. తండ్రి దగ్గర ఆమెకు అబ్బింది ఒక్కటే: చూసింది చూసినట్టు, చూసిన నిమిషానికి రాయడం. టపా పనికి అది చక్కగా అతికింది. ఉత్తరం తీసుకోవలసిన మనిషి ఎదురుగా లేకపోతే కవరు మీద ఒక్క ముక్క రాయాలి. ‘ఇల్లు మారారు.’ ‘తీసుకోలేదు.’ ‘తలుపు తాళం.’ తాళం ఎందుకు వేశారో, ఎప్పుడొస్తారో, పక్కింటివాళ్లు ఏమన్నారో రాయడానికి కవరు మీద చోటుండదు. ఇరవై ఆరేళ్లు అలా రాయగా రాయగా, తలుపు గురించి ఎవరేమడిగినా ఆమె నోట ఆ నిమిషం సంగతే వచ్చేది. భర్త దీన్ని చాలాసార్లు ఎగతాళి చేశాడు. ఆయన ఒకప్పుడు రాళ్లు కొట్టేవాడు, ఇప్పుడు మేకలు కాస్తాడు. దొడ్డి నుంచి వచ్చి “మా అమ్మ ఇంట్లో ఉందా?” అంటే “చూసినప్పుడు ఉంది” అనేదట ఈవిడ. అమ్మ మంచం మీదనుంచి లేచి అయిదేళ్లయిందని ఆయన గుర్తు చేసేవాడట.

ఇలా ఉండగా నివాసాల తనిఖీ అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. జనం ఉన్న చోట్ల జాబితాను సర్కారు కొత్తగా తయారు చేస్తోంది. జాబితాలో ఉంటే కరెంటు తీగ, పదిహేను రోజులకోసారి వచ్చే నర్సు, వారానికోసారి వచ్చే బస్సు ఉంటాయి. లేకపోతే ఉండవు. మేస్త్రీ వెంటనే వరస పిలిచాడు. అధికారి జీపు కుదుపు లేకుండా ఎక్కాలి. మన గురించి మంచిగా రాసుకోవాలి. ముప్పై ఏడు మందీ తెల్లవారకముందే క్వారీ దారిలోకి దిగారు. మంచం దిగని అత్తను కూడా ఆమె కొడుకు వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్లి రాళ్లు ఏరే చోట కూర్చోబెట్టాడు.

కింద టీకొట్టు దగ్గర జీపు డ్రైవరుకు ఎవరో ఆ దారిలో పని జరుగుతోందని, బండి వెళ్లదని చెప్పారు. అది నిజం. బండి వెళ్లాలనే పని జరుగుతోందన్నది కూడా నిజమే గాని, అది ఎవరూ చెప్పలేదు. అధికారి జీపును కిందే వదిలి, సంచితో బయలుదేరుతున్న టపా అక్క వెంట గట్టు దారి పట్టాడు. సౌమ్యుడు. ఆమె సంచి తాను మోస్తానని రెండుసార్లు అడిగాడు. మూడో కిలోమీటరు దగ్గర ఆయన బూటు మడమను కొరికింది. పైకి చేరేసరికి ఆయన మడమ తప్ప మరో సంగతి పట్టించుకునే స్థితిలో లేడు.

మొదటి తలుపుకు తాళం ఉంది. అధికారి కాగితం తీశాడు.

“ఇంట్లో ఎవరైనా ఉన్నారామ్మా?”

“లేరు సార్. దారి పనికి పోయారు.”

“పోయినవాళ్ల సంగతి కాదు. తనిఖీ సమయానికి ఇంట్లో ఉన్నవాళ్లు... కాలమ్ అదే అడుగుతోంది. ఉన్నారా, లేరా?”

“ఈ సమయానికైతే లేరు.”

ఆయన సున్నా వేశాడు. దారి పని రెండు కిలోమీటర్ల అవతలే, వెళ్లి చూద్దామా అని ఆమె అడిగింది. ఆయన మడమ వైపు చూసుకుని, ఇళ్లను తనిఖీ చేయమన్నారు గాని దారులను కాదని మర్యాదగా చెప్పాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ప్రతి గుమ్మం దగ్గరా అదే ప్రశ్న, అదే నిజం. తొమ్మిదోది ఆమె సొంత ఇల్లు. ఆమె తాళం తీసి, తొంగిచూసి, ఖాళీ మంచం కనపడగానే మళ్లీ తాళం వేసింది. మరి మీ సంగతేమిటని అధికారి అడిగాడు. డ్యూటీలో ఉన్నానంది. డ్యూటీలో ఉన్నవారిని వారి కార్యాలయం ఉన్నచోట లెక్కిస్తామని చెప్పి, ఆయన అక్కడా సున్నా వేశాడు. ఆమెకు అది సబబుగానే తోచింది. పదకొండు సున్నాల కింద స్థానిక సాక్షి సంతకం కావాలన్నాడు. ఆమె ఒక్కొక్క వరుసా చదివింది. మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాల నుంచి రెండున్నర వరకు పదకొండు ఇళ్లలో ఎవరూ లేరు. తప్పేముంది? సంతకం చేసింది.

సాయంత్రం వరస నుంచి వచ్చినవాళ్లు జీపు ఏదని అడిగారు. అధికారి గట్టు దారిన వచ్చి వెళ్లాడని ఆమె చెప్పింది. దారి ఎలా ఉందన్నాడని మేస్త్రీ అడిగాడు. చూడలేదని చెబితే ఆ పెద్దాయన చేతులకున్న మట్టి దులుపుకోవడం కూడా మానేశాడు.

నెల తిరక్కుండా కింద టపా కార్యాలయంలో పదకొండు రిజిస్టరు కవర్లు దిగాయి. ఆమె అన్నింటినీ సంచిలో వేసుకుని ఎక్కింది. మొదటిది మేస్త్రీది. ఆయన కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివాడు. ఆ ప్రాంతంలో నివాసులెవరూ లేరని తనిఖీలో తేలినందున దానిని జనావాసాల జాబితా నుంచి తొలగించదలచామని, నివాసులకు అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో తెలపాలని అందులో ఉంది.

చట్టం ఈ విషయంలో ఎంతో శ్రద్ధ తీసుకుంది. ఎవరి నెత్తినైనా బండ వేసేముందు వారికి తప్పక నోటీసు ఇవ్వాలని అది శాసించింది. వాళ్లు అసలు లేరన్నదే ఆ బండ అయినప్పుడు నోటీసు ఎవరికివ్వాలో చెప్పడం మాత్రం మరిచింది. గుమాస్తాలు మరవలేదు; పాత జాబితా చూసి పదకొండు పేర్లూ తప్పు లేకుండా రాశారు.

“మనం లేమని మనకే రాశారురా,” అని మేస్త్రీ టపా అక్క భర్తను పిలిచి చూపించాడు.

“లేనివాణ్ని నేనెలా సంతకం పెడతాను మామా? దొంగ సంతకం అయిపోదూ?” అన్నాడు ఆయన.

“చేయవయ్యా. అందినట్టు రసీదు కావాలి నాకు,” అంది భార్య.

చేశాడు. ఇల్లు ఆయన తల్లి పేరున ఉంది గనుక ఆమె చేత వేలిముద్ర కూడా వేయించారు. వేలు కాగితానికి అద్దుతూ, ఏమిటని ముసలామె అడిగితే, నువ్వు లేవట అని కొడుకు చెవిలో అరిచాడు. ఆ మాట పదేళ్లుగా కోడలు అంటున్నదేనని ఆమె అంది. కోడలు ఏనాడూ అనలేదు గాని అప్పుడు తగువు పెట్టుకోలేదు. ఆ సాయంత్రానికి పదకొండు రసీదుల మీదా సంతకాలో, వేలిముద్రలో పడ్డాయి, వాటి కింద పంచిన మనిషిగా ఆమె సంతకమూ పడింది. నిద్రపోయే ముందు టపా అక్క వాటిని వరసగా పేర్చి చూసుకుంది. అప్పుడు ఆమెకు తట్టింది: వీళ్లు ఉన్నారనడానికి సర్కారు ముద్ర వేసిన పదకొండు సాక్ష్యాలు తన చేతిలోనే ఉన్నాయి. ఆ రాత్రి ఆమె ఎంతో హాయిగా నిద్రపోయింది. చట్టంతో పరిచయం లేనివాళ్లకు దొరికే నిద్ర అది.

అభ్యంతర పత్రం ఇవ్వడానికి మేస్త్రీ, ఆమె, ఆమె భర్త కిందికి దిగారు. మొదటి గుమాస్తా తీసుకోలేదు. అభ్యంతరం నివాసులే ఇవ్వాలి. తనిఖీ ప్రకారం నివాసులు లేరు. కనుక ఇస్తున్నవారు ఎవరైనా గాని నివాసులు మాత్రం కారు. మేస్త్రీ బల్ల మీద చేయి వేసి, మరి నోటీసు ఎవరికి పంపారు నాయనా అని అడిగాడు. నివాసులకని గుమాస్తా అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఆ రెండు మాటలూ ఆయన బుర్రలో పక్కపక్కన ప్రశాంతంగా కాపురం చేస్తున్నాయి. మూడుసార్లు తిరిగాక విచారణాధికారి వారిని లోపలికి పిలిచాడు.

ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కథ ఇంకా సులువుగా ఉండేది. కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, పదకొండు రసీదులనూ ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు. నోటీసులు అందరికీ సక్రమంగా అందాయి గనుక పద్ధతి అంతా పాటించినట్టేనని సంతోషించాడు. తరువాత తనిఖీ పత్రం తీసి రసీదుల పక్కన పెట్టాడు.

“రెండింటి మీదా మీ సంతకమే ఉందమ్మా. ఒకదాంట్లో ఎవరూ లేరు. ఇంకోదాంట్లో పదకొండు ఇళ్లవాళ్లూ ఉన్నారు. ఏది నిజం?”

“రెండూ నిజమే సార్.”

“రెండూ నిజమని నేను ఉత్తర్వు రాయలేను కదా.”

ఆమె జరిగింది చెప్పింది. వరస, జీపు, మడమ, కాలమ్. ఆయన చివరిదాకా విన్నాడు. తనిఖీ చేసిన అధికారికి ఈ మధ్యే పైస్థాయి పదవి వచ్చిందని, ఆయన ప్రశ్నను తప్పుగా అడిగారని రాయడం తన పరిధిలో లేదని చెప్పాడు. కాలమ్ తప్పని రాయాలంటే రాజధానిలో కమిటీ కూర్చోవాలి. మిగిలింది ఒక్కటే. స్థానిక సాక్షి తప్పుగా ధ్రువీకరించినట్టు స్వయంగా ఒప్పుకుంటే, తనిఖీ పత్రం చెల్లదు. పాత జాబితా అలాగే నిలుస్తుంది. ఆ ఒప్పుకోలు కాగితం ఆమె శాఖకు కూడా వెళుతుంది. ఆ తరువాత ఏమవుతుందో చెప్పడం తన పరిధిలో లేదని ఆయన మళ్లీ అన్నాడు. ఆయన పరిధి చిన్నదే గాని దాని అంచులు బహు నిక్కచ్చిగా ఉండేవి.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. మేస్త్రీ మొదట నోరు తెరిచాడు.

“వద్దమ్మాయ్. బస్సు లేకపోతే నడుస్తాం. కరెంటు నా పెళ్లికి లేదు, నీ పెళ్లికీ లేదు.”

“నర్సు?” అంది ఆమె.

మేస్త్రీ వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన రెండో కోడలికి ఏడో నెల. టపా అక్క భర్త గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

“ఏమయ్యా, నువ్వేమంటావు?”

“రాసేది నువ్వు. నేనేమంటాను?” అని, నేల గీయడం ఆపి, “అబద్ధం రాయడం నీకు చేతవుతుందా అసలు?” అన్నాడు.

చేతకాలేదు. మొదటి కాగితం మీద ఆమె జరిగింది జరిగినట్టు రాసింది; ఇది ఒప్పుకోలు కాదు, వివరణ అని గుమాస్తా తిరిగిచ్చాడు. రెండో కాగితం మీద ‘ఆ సమయానికి ఎవరూ లేరన్నది నిజమే అయినా’ అని మొదలుపెట్టింది, అదీ తిరిగొచ్చింది. మూడోసారి గుమాస్తాయే కనికరించి, చెబుతాను రాయండి అన్నాడు. ఆమె రాసింది. తనిఖీ రోజున పదకొండు ఇళ్లలోనూ నివాసులు ఉండగా, లేరని తప్పుగా ధ్రువీకరించితిని. చదివి చూసుకుంది. ఆ వాక్యంలో ఒక్క అక్షరమూ జరిగింది కాదు. కింద సంతకం పెట్టేటప్పుడు, ఇరవై ఆరేళ్లుగా ఒకేలా పడే సంతకం కాస్త పెద్దదిగా పడింది. విచారణాధికారి దాన్ని అందుకుని, నిజం చెప్పినందుకు అభినందించాడు.

శాఖ తన పని తాను చేసింది. తప్పుడు ధ్రువీకరణకు తొలగింపు అని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నిజమైన ధ్రువీకరణ చేసి, అది తప్పని తరువాత అబద్ధం చెబితే ఏమిటో నిబంధనల్లో లేదు, ఆ చెప్పింది అబద్ధమని మళ్లీ నిజం చెబితే ఏమిటో కూడా లేదు. ఉన్నదాన్నే అమలు చేశారు. ఆమె సంచిని ఉతికి, ఆరబెట్టి, మడిచి కింద అప్పగించి వచ్చింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. జాబితాలో ఉందో లేదో తేలని చోటికి మనిషిని ఎలా నియమిస్తారు?

పైన ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తరువాతి వరసలో ఆమెకు కూడా చోటిచ్చారు, మేస్త్రీ కొడుక్కీ తేనెపెట్టెల ముసలాయనకీ మధ్య. మొదటి పూటే అరచేతులు చిట్లాయి. రాళ్లు మోసిన చేతులు కావవి అని మేస్త్రీ కొడుకు అంటే, భర్త పదడుగుల అవతలినుంచే, అవి సర్కారు చేతులురా, మెల్లగా అలవాటవుతాయి అన్నాడు. ఆమె నవ్వింది. టపా రోజుల్లో మాత్రం పొద్దున్నే లేచి, ఏం చేయాలో తోచక గట్టు దారి దాకా నడిచి వచ్చేది.

ఉత్తర్వు వచ్చిందని, సంగతి తేలేదాకా ఆపకుండా నడుపుతున్న వారపు బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. పదకొండు రిజిస్టరు కవర్లు కింద టపా కార్యాలయంలో పన్నెండు రోజులుగా పడున్నాయి. పంచడానికి మనిషి లేడు. మూడు రోజుల్లో తీసుకోకపోతే వెనక్కి పోతాయి. అందిన తేదీ నుంచే ఉత్తర్వు అమల్లోకి వస్తుందని, అందకపోతే రాదని కండక్టరుకు ఎవరో చెప్పారట. రిజిస్టరు టపా ఒకరిది ఇంకొకరికి ఇవ్వరని టపా అక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్నాడు పదకొండు ఇళ్ల పెద్దలూ దిగారు. అత్త తన కొడుకు వీపు మీద దిగింది. మేస్త్రీ నాలుగుచోట్ల కూర్చున్నాడు. ఆమె దారి చూపిస్తూ ముందు నడిచింది.

కౌంటరులో కొత్త కుర్రగుమాస్తా. ఆమె అతన్ని ఎరగదు, అతను ఆమెను ఎరగడు. అందరూ వరసలో నిలబడ్డారు. అది వాళ్లకు బాగా వచ్చిన విద్య. మేస్త్రీ సంతకం పెట్టి కవరు చింపి, ఈసారి గట్టిగా చదవకుండా పక్కవాళ్లకు అందించాడు. కాగితం చేతినుంచి చేతికి చివరిదాకా వెళ్లింది. పాత జాబితాలో మార్పు లేదు. నర్సు వస్తుంది. బస్సు వస్తుంది.

అత్త వంతు వచ్చింది. కొడుకు వంగాడు, గుమాస్తా రసీదు ముందుకు తోశాడు, టపా అక్క ముసలామె వేలు సిరాలో ముంచబోయి ఆగింది.

“బాబూ, ముద్ర మీద తేదీ చూడు. నిన్నటిది ఉంది.”

“అవునా? పొద్దున తిప్పడం మరిచిపోయాను. ఒక్క రోజేగా అమ్మా.”

“మార్చు. ముందు ఇచ్చినవాటి మీద కూడా.”

కుర్రవాడు వరసలో ఉన్న జనాన్ని, ఇంకా తెరవాల్సిన సంచులను చూసుకుని విసుక్కున్నాడు. అందిన తేదీ నుంచే అమలు కదా, ఒక రోజు ముందు వేస్తే వాళ్లకే మంచిదని నచ్చజెప్పబోయాడు. తల్లి బరువుకు నడుము వంగిపోయిన భర్త తల మాత్రం ఎత్తి చూశాడు.

“నిన్నటినుంచే ఉన్నట్టు రాస్తే ఏం పోతుందే? నా వీపు పడిపోతోంది.”

“నిన్న అందలేదు కదయ్యా. దించు అత్తను, ఆ బల్ల మీద కూర్చోబెట్టు.”

దించాడు. మేస్త్రీ తన రసీదు తానే తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. గుమాస్తా ముద్ర తిరగేసి, చిన్న చక్రాన్ని గోటితో ఒక పన్ను ముందుకు తిప్పి, ఖాళీ కాగితం మీద ఒకసారి కొట్టి ఆమెకు చూపించాడు. ఆమె కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, సరే, కానివ్వు అంది.